పోలీసు డబ్బా లోపల ఇల్లు

"మీ ఇల్లెక్కడ?"

ఈ ప్రశ్నలో విషమేమీ లేదు. కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లూ అడిగేదే. కానీ మన పేరు విన్నాక అడిగితే దాని గొంతు మారుతుంది. మొహల్లా పేరు చెప్పగానే ఎదుటి మనిషి కళ్లలో ఏదో సర్దుకుంటుంది. చిన్నప్పుడు బళ్లో ఒక మాస్టారు నన్నిలాగే అడిగారు. మంచితనంతోనే అడిగారని ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఆ రోజు నేను మా వీధి పేరు చెప్పలేదు, పక్క వీధి పేరు చెప్పాను. ఎందుకలా చెప్పానో అప్పుడు తెలీదు. చాలా ఏళ్ల తర్వాత, లండన్‌లో తీసిన ఒక పాత నలుపు తెలుపు టెలివిజన్ కథ చూస్తున్నప్పుడు తెలిసింది.

ఆ కథలో సూసన్ అని పదిహేనేళ్ల పిల్ల. ఇద్దరు టీచర్లకి ఆ పిల్ల మీద అనుమానం. చరిత్ర, సైన్సు టీచర్లకంటే ఎక్కువ తెలుసు. మామూలు విషయాలు మాత్రం తెలీవు. వాళ్ల తాతకి కొత్తవాళ్లు ఇంటికి రావడం ఇష్టం లేదంటుంది. స్కూలు రిజిస్టర్‌లో ఉన్న అడ్రసు పట్టుకుని చరిత్ర టీచరు వెళ్లి చూస్తే అక్కడ ఇల్లు లేదు. పాత సామాన్లు పడేసే దొడ్డి ఉంది. మళ్లీ చీకటి పడ్డాక ఇద్దరూ కలిసి కారులో కాపు కాస్తారు. పిల్ల ఆ దొడ్డిలోకి వెళుతుంది. వీళ్లూ వెనకాలే వెళతారు.

ఇదీ 'డాక్టర్ హూ' సీరియల్ మొదటి కథ. మొదటి భాగం పేరుతోనే మొత్తం కథని 'యాన్ అన్‌ఎర్త్‌లీ చైల్డ్' అంటారు. ఈ భూమికి చెందని పిల్ల అని అర్థం. బీబీసీ దీన్ని 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం ప్రసారం చేసింది. అంతకు ముందు రోజే అమెరికాలో కెనెడీని చంపేశారు. లోకం ధ్యాసంతా అటే ఉంది. అందుకని తర్వాతి శనివారం రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్లీ వేశారు. మొత్తం నాలుగు భాగాలు, డిసెంబర్ 14తో అయిపోయాయి. ఆ సీరియల్ ఆగుతూ సాగుతూ అరవై ఏళ్లు దాటింది.

దీని గురించి ఇంగ్లీషులో రాసినవాళ్లు కొల్లలు. ఈ సంకలనంలో నేనెందుకు రాస్తున్నానంటే ఒక పేరు వల్ల. తెర మీద దర్శకుడి పేరు పడినప్పుడు నేను టక్కున ఆగిపోయాను. వారిస్ హుసేన్. ఇంగ్లాండు పిల్లలూ పెద్దలూ ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన కథని మొట్టమొదట కెమెరాకెక్కించినవాడు 1938లో లక్నోలో పుట్టిన మనవాడు.

"మనవాడు" అని అనేశాను. ఆ మాట సంగతి చివర్లో చూద్దాం.

మొదట కథ. తెరమీద మనకి కనిపించే మొదటి మనిషి పోలీసు. పొగమంచు పట్టిన రాత్రి. చేతిలో టార్చిలైటు. ఆ దొడ్డి గేటు మీద వెలుతురు వేసి, అంతా బాగానే ఉందనుకుని ముందుకి వెళ్లిపోతాడు. అతను వెళ్లాక గేటు తనంతట తానే తెరుచుకుంటుంది. కెమెరా లోపలికి వెళుతుంది. విరిగిన సామాన్లు, బొమ్మలు, చెత్త. వాటి మధ్య ఒక పోలీసు డబ్బా. సన్నగా రొద చేస్తూ ఉంటుంది, లోపల ప్రాణం ఉన్నట్టు.

పోలీసు డబ్బా అంటే మనకి తెలీదు. ఆ రోజుల్లో లండన్ వీధుల్లో నీలం రంగువి ఉండేవి. బయట చిన్న తలుపు తీస్తే ఫోను. ఎవరైనా పోలీసుల్ని పిలవొచ్చు. లోపల ఒక కానిస్టేబులు కూర్చుని రిపోర్టు రాసుకునేంత చోటు. పట్టుకున్నవాణ్ణి బండి వచ్చేదాకా అందులో పెట్టొచ్చు కూడా. 1963 నాటి ప్రేక్షకుడికి అది రోజూ కళ్లబడే వస్తువు, అందుకే ఎవరూ ప్రత్యేకంగా చూడనిది. ఆ పరదేశులు తల దాచుకున్నది సరిగ్గా దాంట్లోనే. బయటికి పోలీసు వస్తువు. లోపల ఇల్లు. బయటి నుంచి చూస్తే ఒక మనిషి పట్టే పెట్టె. లోపలికి అడుగుపెడితే అంతు కనపడనంత విశాలం.

మీ సంగతేమో గానీ నాకిది చూడగానే వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. బయటివాళ్లు మనల్ని చూసేది డబ్బా కొలతలతోనే. టోపీ, గడ్డం, బురఖా, మొహల్లా, పేరు. ఆ పెట్టె మీద పోలీసు అన్న అక్షరాలు ముందే రాసి ఉంటాయి. లోపల ఎంత జాగా ఉందో, ఎన్ని కాలాలున్నాయో చూడాలంటే తలుపు తోసుకుని రావాలి.

తలుపు తోసుకుని వచ్చినవాళ్లు ఏం చేశారు? ఇక్కడే ఈ కథ గొప్పతనం. ఆ ఇద్దరు టీచర్లు చెడ్డవాళ్లు కారు. బార్బరాకి పిల్ల మీద ప్రేమ ఉంది. ఇయాన్‌కి న్యాయబుద్ధి ఉంది. డబ్బాలోంచి సూసన్ గొంతు వినపడగానే, ఈ ముసలాయన పిల్లని లోపల బంధించాడని వాళ్లు తేల్చేసుకుంటారు. పోలీసుని పిలుస్తామంటారు. ముసలి పరదేశి, చీకటి దొడ్డి, మూసిన తలుపు, లోపల ఆడపిల్ల. ఇంకేం కావాలి? పిల్లని కాపాడాలి. బార్బరా తోసుకుని లోపలికి దూరితే అది పిల్ల ఇల్లు! పిల్ల అక్కడ బందీ కాదు, మనవరాలు. మన ఆడపిల్లల్ని కాపాడతామని బయలుదేరే మంచివాళ్లని చూసిన ప్రతిసారీ నాకు బార్బరా గుర్తొస్తుంది. ఆమె మంచిది. మంచిదే కాబట్టి ఆ పొరపాటు మరింత గుచ్చుకుంటుంది.

క్లాసురూము దృశ్యాలు చూడండి. పౌనుకి ఎన్ని షిల్లింగులో సూసన్‌కి తెలీదు. మీది దశాంశ పద్ధతి అనుకున్నానంటుంది. క్లాసంతా నవ్వుతుంది. 1963లో పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. బ్రిటన్ దశాంశానికి మారింది 1971లో. అంటే పిల్ల చెప్పింది తప్పు కాదు, ముందు చెప్పింది. తమాషా ఏంటంటే, మన దేశంలో 1957లోనే అణాలు పోయి నయా పైసలు వచ్చేశాయి. హైదరాబాదు పిల్ల ఎవరైనా ఆ క్లాసులో కూర్చుని ఉంటే సూసన్ పక్షమే వహించేది. తెలివితక్కువగా కనిపించే పిల్ల నిజానికి వేరే లెక్క తెలిసిన పిల్ల కావచ్చు. ఫ్రెంచి విప్లవం మీద పుస్తకం ఇస్తే తిరగేసి, ఇది ఇలా జరగలేదే అంటుంది. పాఠ్యపుస్తకంలో తన చరిత్ర తప్పుగా చదువుకున్న పిల్లలకి ఆ నొసలు చిట్లించడం ఎలాంటిదో తెలుసు.

సూసన్, తాత ఒకటి కారు. ఇదీ గమనించాలి. తాతకి వెనక్కి పోవాలని ఉంది. తమ గ్రహం నుంచి తెగిపోయి, తోడూ నీడా లేక తిరుగుతున్నామనీ, ఏదో ఒక రోజు తిరిగి వెళతామనీ అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు విలియం హార్ట్‌నెల్ ముఖం చూడండి. అంతదాకా చిరాకు, వెటకారం, గర్వం. హఠాత్తుగా కళ్లు ఎక్కడో దూరంగా నిలిచిపోతాయి. పిల్లకి మాత్రం వెనక్కి పోవాలని లేదు. ఈ స్కూల్లో గడిచిన అయిదు నెలలూ తన బతుకులోకెల్లా సంతోషమైనవంటుంది. తాత వతన్ వెనక ఉంది. మనవరాలి వతన్ ఇక్కడుంది. టీచర్లని వదిలేయాలా వద్దా అన్న తగువులో, నిన్ను విడిచి ఇక్కడే ఉండిపోతానని కూడా అంటుంది. తాత తలుపు తీస్తున్నట్టు నటించి యంత్రాన్ని నడిపించేస్తాడు. వీళ్లు బయటికి వెళితే మన గుట్టు చెబుతారన్న భయం. ఆ భయంలో మనవరాలి ఇష్టాన్ని తొక్కేస్తాడు. కథ తాతని కూడా వదల్లేదు. బయటి అనుమానం వల్ల ఇంటి పెద్ద మరింత బిగుసుకుపోవడం, దాని బరువు ఇంట్లో ఆడపిల్ల మీద పడటం మనకి కొత్త కాదు. రెండు వైపులా నిజం చెప్పింది కాబట్టే ఈ ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాయి.

దీన్ని తీసిన తీరు గురించి నాలుగు మాటలు. లైమ్ గ్రోవ్ స్టూడియోలో ఇరుకు జాగా. టేపు కత్తిరించి అతికించడం ఖరీదైన పని, కాబట్టి దాదాపు నాటకంలా ఏకబిగిన తీయాలి. మొదట సెప్టెంబర్‌లో తీసిన ప్రతి పై అధికారి సిడ్నీ న్యూమన్‌కి నచ్చలేదు. తలుపుల చప్పుడు, తాత మరీ కర్కశం. మళ్లీ తీయమన్నాడు. అక్టోబర్‌లో మళ్లీ తీశారు. రెండూ మిగిలాయి గనక పోల్చి చూసుకోవచ్చు. మొదటి ప్రతిలో సూసన్ తాను 49వ శతాబ్దంలో పుట్టానంటుంది. రెండో దాంట్లో ఆ అంకె తీసేశారు. మరో కాలంలో, మరో లోకంలో పుట్టానని మాత్రమే అంటుంది. చిన్న మార్పే. కానీ అడ్రసు చెరిపేసిన మరుక్షణం ఆ పిల్ల అందరి పిల్ల అయిపోయింది.

నలుపు తెలుపు ఈ కథకి లోటు కాదు, బలం. దొడ్డి అంతా చీకటి, మంచు, నీడలు. తలుపు దాటగానే కళ్లు జిగేలుమనే తెల్లటి గది, గోడల నిండా గుండ్రటి వలయాలు. మధ్యలో మెట్లు లేవు, వరండా లేదు. ఒక్క అడుగులో చీకట్లోంచి వెలుగులోకి. ఆ రెండు గదుల తేడా రంగుల్లో ఇంత గట్టిగా వచ్చేది కాదనుకుంటాను. పైగా రాన్ గ్రైనర్ కట్టిన సంగీతాన్ని డెలియా డెర్బీషైర్ వాయిద్యాలు లేకుండా టేపుల మీద శబ్దాల్ని ముక్కలు ముక్కలుగా పేర్చి తయారుచేసింది. విన్నవాళ్లకి అది ఏ దేశపు పాటో తెలీదు. ఇల్లు తెలీని మనుషులకి తగిన పాట.

ఇక మిగతా మూడు భాగాలు. చాలామంది వీటిని వదిలేయమంటారు. గుహల్లో తోళ్లు కట్టుకున్న మనుషులు, నిప్పు కోసం కొట్లాట. విసుగు అంటారు. నేను వదలొద్దంటాను. మనం నిలదీయాల్సింది అక్కడే ఉంది.

మొదటి భాగం చివర, రాళ్ల నేల మీద ఒరిగి నిలబడ్డ పోలీసు డబ్బా మీదికి ఒక మనిషి నీడ పడుతుంది. అంతదాకా టీచర్లు చూసేవాళ్లు, పరదేశులు చూడబడేవాళ్లు. ఇప్పుడు నలుగురూ చూడబడేవాళ్లే. ఆ నీడ కాల్ అనేవాడిది. కాల్ ఆ తెగవాడు కాదు. అతని తెగ చలికి చచ్చిపోతే ఒక్కడే మిగిలి ఇక్కడికి చేరాడు. తెగలో నిప్పు చేయడం ఎవరికీ రాదు. నిప్పు చేసేవాడు కొడుకు జాకి నేర్పకుండానే చనిపోయాడు. ఎవరు నిప్పు తెస్తే వాడే నాయకుడు. జాకీ కాల్‌కీ పోటీ.

మధ్యలో ఒక గొప్ప దృశ్యం ఉంది. అడవిలో జాని మృగం చీరేస్తుంది. పారిపోతున్న బార్బరా వెనక్కి వచ్చి గాయాలు కడుగుతుంది. డాక్టర్ మాత్రం పదునైన రాయి చేతిలోకి తీసుకుంటాడు. ఇయాన్ మణికట్టు పట్టుకుంటే, దారి గీయించుకోడానికి తీశానంటాడు. మనం నమ్మం. జా మనిషి హర్‌కి ఈ పరాయివాళ్ల తీరు బోధపడదు. వీళ్ల చేతులు మెల్లగా కదులుతున్నాయనీ, ముఖాల్లో క్రూరత్వం లేదనీ, తల్లి బిడ్డని కాపాడుకుంటున్నట్టుందనీ తర్వాత జాతో చెబుతుంది. శత్రువుకి నీళ్లు పట్టడం చూసి లోకం మారిపోయినంత ఆశ్చర్యపోతుంది. దొడ్డిలో తప్పు చేసిన బార్బరాయే ఇక్కడ కథని నిలబెట్టింది.

తర్వాతేం జరిగింది? కాల్ తెగలోని ముసలమ్మని చంపి, నేరం జా మీదికి తోస్తాడు. డాక్టర్ తెలివిగా వాదిస్తాడు. జా కత్తి మీద నెత్తురు లేదంటాడు. కాల్ రోషంతో తన కత్తి చూపిస్తాడు. దాని మీద నెత్తురు. అప్పుడు డాక్టర్ రాయి తీసి, నేను చేసినట్టు చేయండని అందర్నీ పురికొల్పుతాడు. తెగంతా రాళ్లు రువ్వి కాల్‌ని తరిమేస్తుంది. మొత్తం తెగకంటే కాల్ బలవంతుడు కాడని ఇయాన్ నాయకుడికి పాఠం చెబుతాడు.

దీన్ని ప్రజాస్వామ్య పాఠంగా చదువుకోవచ్చు. నేరం నిజం, సాక్ష్యం నిజం, హంతకుడి పట్ల నాకు జాలి లేదు. కానీ రాళ్లు గాలిలోకి లేచినప్పుడు నా ఒళ్లు జలదరించింది. విసిరినవాడు ఎవరు? తన లోకం నుంచి తరిమేయబడ్డవాడు, పోలీసుని పిలుస్తామంటే వణికినవాడు. తరిమేయించుకున్నవాడు ఎవరు? తెగ చచ్చిపోయి ఒంటరిగా వచ్చిన ఇంకో పరదేశి. కొత్త పరదేశి పాత పరదేశిని తరిమి తెగ మెప్పు పొందాడు. కాల్ చేసింది నేరం, కానీ గుంపుకి అతన్ని తరమడం అంత తేలిక కావడానికి అతను అక్కడివాడు కాకపోవడం కూడా ఒక కారణం కాదా? కథ ఈ ప్రశ్న అడగదు. రచయిత ఆంథొనీ కోబర్న్ దృష్టి నిప్పు మీద ఉంది, నాయకత్వం మీద ఉంది. మొదటి భాగంలో పరాయివాడి లోపలి నుంచి చూసిన కళ్లు, గుహల్లోకి వచ్చేసరికి పాత దొరల కళ్లయిపోయాయి. నాగరికులు వెళ్లి అనాగరికులకి నిప్పూ న్యాయమూ నేర్పి వస్తారు. ఆ పోలిక మొదటి భాగంలోనే తొంగి చూసింది. టీచర్లు యంత్రాన్ని నమ్మకపోతే, మొదటిసారి రైలు చూసిన రెడ్ ఇండియన్ అనాగరిక బుద్ధితో పోలుస్తాడు డాక్టర్. ఇంగ్లీషు టీచర్లనే అనాగరికుల స్థానంలో నిలబెట్టాడని మొదట నవ్వొస్తుంది. తర్వాత, దొరలు తయారుచేసిన ఆ పోలిక పరదేశి నోట్లోకి ఎలా వచ్చిందా అనిపిస్తుంది. తరిమేయబడ్డంత మాత్రాన తరిమేవాడి భాష మనకి అంటకుండా పోదు. అయినవాళ్ల ముందు మంచి ముస్లిం అనిపించుకోవడానికి ఇంకో ముస్లిం మీద రాయి వేసినవాళ్లు మనలో లేరా?

ఇప్పుడు "మనవాడు" అన్న మాటకి వస్తాను. వారిస్ హుసేన్ ఈ కథ రాయలేదు, తీశాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి 27 ఏళ్లు, బీబీసీ నాటక విభాగంలో అప్పటికి ఆడ నిర్మాత ఆమె ఒక్కతే, యూదు కుటుంబం. వీళ్లని నిలబెట్టిన న్యూమన్ కెనడావాడు, వలస వచ్చిన యూదుల కొడుకు. కోబర్న్ ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. ఇంగ్లీషు కొలువులో ఇలా అంచుల్లోంచి వచ్చినవాళ్లంతా కలిసి, తమ ఇల్లెక్కడో చెప్పలేని మనుషుల కథ చేశారు. ఎవరూ తమ గాయం గురించి చేస్తున్నామని ప్రకటించలేదు. శనివారం సాయంత్రం పిల్లల కోసం చేశారు.

వారిస్ తల్లి అతియా హుసేన్. లక్నో తాలూకాదారు కుటుంబంలో 1913లో పుట్టిన రచయిత్రి. దేశవిభజన రోజుల్లో ఆ కుటుంబం లండన్ చేరింది. ఆమె అక్కడే ఉండిపోయింది. 1961లో ఆమె నవల 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' వచ్చింది. విభజన ఒక లక్నో ముస్లిం ఇంటిని రెండు దేశాలుగా చీల్చడం అందులో కథ. రెండేళ్లకి కొడుకు పోలీసు డబ్బాలో ఇల్లు పెట్టాడు. ఈ రెండిటికీ ముడి వేయాలని నా చెయ్యి ఉబలాటపడుతుంది. వేయను. అతని మతాన్ని తాళంచెవిగా చేసి కథంతా తెరిస్తే, అది కూడా డబ్బా మీది అక్షరాలు చదవడమే అవుతుంది. లోపలి విశాలం అతనిది. ఒకటి మాత్రం చెప్పొచ్చు. 1965లో అతను బీబీసీకే 'ఎ పాసేజ్ టు ఇండియా' తీశాడు. మళ్లీ ఒక డాక్టర్, మళ్లీ ఒక గుహ. ఈసారి డాక్టర్ పేరు అజీజ్. చేయని నేరానికి బోనెక్కుతాడు. గుహలో ఏం జరిగిందో అడిగే ఓపిక గుంపుకి ఉండదు. కాల్ కథ అడగని ప్రశ్న ఇక్కడ అడిగినట్టయింది.

అతను తీసిన మరో డాక్టర్ హూ కథ 'మార్కో పోలో' 1964లో వచ్చింది. ఏడు భాగాలూ టేపుల మీంచి చెరిగిపోయాయి, గొంతులు మాత్రం మిగిలాయి. మిగిలినదాన్ని మిగిలినట్టుగానే ప్రేమించడం మనకి అలవాటే.

ఈ సీరియల్ 2018లో 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' అన్న కథలో 1947 విభజన దగ్గరికి వచ్చింది. రచయిత వినయ్ పటేల్. యాస్మిన్ ఖాన్ అనే ముస్లిం పిల్ల తన నానీ వయసులో ఉన్న రోజులు చూడటానికి కాలంలో వెనక్కి వెళుతుంది. నానీ పెళ్లాడిన హిందూ కుర్రవాడు చనిపోతాడు, సొంత తమ్ముడు తెచ్చిన గుంపు చేతిలో. గుహలో లేచిన రాళ్లు ఎక్కడికి పోతాయో యాభై అయిదేళ్లకి ఆ సీరియల్ తనకి తానే చెప్పుకుంది.

నన్నడిగిన మాస్టారు ఇప్పుడు ఎక్కడున్నారో. కనిపిస్తే మా వీధి పేరు చెబుతాను. చీకట్లో కాపు కాయక్కర్లేదు, తలుపు తోసుకుని రానక్కర్లేదు. తట్టి రండి మాస్టారూ. బయటికి కనిపించేంత చిన్నది కాదు మా ఇల్లు.